టైల్స్ పగలగొట్టే ముందు: సన్నని షవర్, గోడ చెమ్మ, చేయిచ్చిన ప్లంబర్

మీరు అడిగింది ముందు ఒకసారి వరసలో పెట్టుకుందాం. విశాఖ మధురవాడలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, అందులో పై అంతస్తు ఫ్లాట్. ఏడాది కిందట బాత్‌రూమ్ కొత్తగా చేయించారు. ఎనిమిది అంగుళాల రెయిన్ షవర్, గోడలోపలి డైవర్టర్ (నీళ్ళని షవర్‌కో కింది కుళాయికో మళ్ళించే మిక్సర్), కొత్త టైల్స్ వేయించారు. ఇప్పుడు షవర్ ధార సన్నగా వస్తోంది, వేడినీళ్ళూ చన్నీళ్ళూ సరిగా కలవడం లేదు, వెనక బెడ్‌రూమ్ గోడకి చెమ్మ పట్టింది, స్నానం నీళ్ళు గుమ్మం దగ్గర నిలబడుతున్నాయి. పని చేసిన ప్లంబర్ ఫోన్ ఎత్తడం లేదు. తర్వాత వచ్చినవాళ్ళలో ఒకరు డైవర్టర్ మార్చాలన్నారు, ఇంకొకరు గోడంతా పగలగొట్టాలన్నారు.

ఇప్పుడే ఎవరినీ గోడ మీద సుత్తి వెయ్యనివ్వకండి. ఈ నాలుగు ఇబ్బందులకీ ఒకటే కారణం ఉండాలని లేదు. మీరు రాసినదాన్నిబట్టి కనీసం మూడు వేర్వేరు తప్పులు కనిపిస్తున్నాయి. ధార, వేడి-చల్ల సంగతులు టైల్ ముట్టుకోకుండానే సర్దుకునే అవకాశం ఎక్కువ. చెమ్మకి ఎక్కడో ఒకచోట తెరవాల్సి రావచ్చు గానీ, ఎక్కడన్నది తేలాకే. ఏ పైపు కారుతోందో చెప్పలేని మనిషి గోడంతా తీసెయ్యాలంటే రోగం తెలియకుండా ఆపరేషన్‌కి పడుకోమన్నట్టే. పరీక్షలకి పెద్ద సామాను అక్కర్లేదు. పది లీటర్ల బకెట్, పైపు మూతి మూసే అరంగుళం డమ్మీ ప్లగ్గులు మూడు, టెఫ్లాన్ టేప్, ఎడ్జస్టబుల్ స్పానర్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. ఒక్కదానికి మాత్రం టెస్ట్ పంపు కావాలి, దాని గురించి తర్వాత చెప్తాను.

ముందు ధార సంగతి. నీళ్ళు ఎంత ఎత్తు నుంచి దిగితే అంత ప్రెషర్. పది మీటర్ల ఎత్తుకి సుమారు ఒక బార్, ప్లంబర్ల మాటలో ఒక కేజీ. మీ ఇంటి లెక్క చూడండి. నేల నుంచి పై శ్లాబ్ దాకా 10 అడుగులు, దానిమీద 2 అడుగుల దిమ్మ, దానిమీద ట్యాంకు. షవర్ 7 అడుగుల ఎత్తులో ఉంటుంది. అంటే ట్యాంకు అడుగుకీ షవర్‌కీ మధ్య తేడా 5 అడుగులే, మీటరున్నర. ట్యాంకు నిండుగా ఉన్నా రెండున్నర మీటర్లు దాటదు. మొత్తం ప్రెషర్ 0.15 నుంచి 0.25 బార్. రెండంతస్తుల కింద ఉన్నవాళ్ళకి ఇంకో 20 అడుగులు కలుస్తుంది కాబట్టి వాళ్ళకి 0.8 బార్ దాకా ఉంటుంది. అదే షవర్ వాళ్ళింట్లో బాగానే వస్తుంది, మీ ఇంట్లో రాదు. వెడల్పాటి రెయిన్ షవర్లలో చాలావాటికి ఒక బార్ దగ్గర ప్రెషర్ కావాలి. మీ మోడల్‌కి ఎంత కావాలో పెట్టె మీదో కేటలాగ్‌లోనో చూడండి. పై అంతస్తులో పంపు లేకుండా రెయిన్ షవర్ బిగించడం మొదటే తప్పు, ఆ మాట అమ్మిన షాపువాళ్ళో బిగించిన ప్లంబరో కొనేముందే చెప్పాల్సింది. కింద స్పౌట్ నుంచి, అంటే బకెట్ పట్టే కుళాయి నుంచి, నీళ్ళు బాగా వస్తూ షవర్ రాకపోతే కంగారు పడక్కర్లేదు. స్పౌట్ రెండడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి దానికి ట్యాంకు అడుగు నుంచి 10 అడుగులు, షవర్‌కి 5 అడుగులు. అంటే సగానికి సగం తేడా.

ఇక బకెట్ పరీక్ష. షవర్ తల విప్పేసి, ఉత్త ఆర్మ్ (గోడలోంచి వచ్చి తలని పట్టుకునే పైపు) నుంచి నీళ్ళు వదిలి 10 లీటర్లు నిండడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. ఎత్తు నుంచి చిమ్మకుండా ఆర్మ్ చివర చిన్న హోస్ ముక్క తొడిగి బకెట్లోకి వదలండి. అయితే హోస్ చివర షవర్ ఎత్తులోనే ఉండాలి, అంటే బకెట్ స్టూలు మీద పైకి పెట్టాలి. హోస్ కిందికి వేలాడితే ఆ ఎత్తు కూడా కలిసి లెక్క తప్పుతుంది. నిమిషంలో, కాస్త అటూఇటూగా నిండితే లైను బాగున్నట్టే, తప్పు షవర్ తలది. రెండు నిమిషాలు దాటితే ఆర్మ్ వెనక ఎక్కడో అడ్డు ఉంది.

తప్పు తలదే అయితే ముందు లోపలి జల్లెడ తీసి కడగండి. కొత్తగా పని జరిగిన ఇళ్ళలో పైపు కోసినప్పుడు రాలిన పొట్టు, సిమెంటు రేణువులు, టెఫ్లాన్ పోగులు అక్కడే చిక్కుకుంటాయి. టైల్స్ పని అయ్యాక తలలు, కార్ట్రిడ్జ్‌లు (మిక్సర్ లోపల నీళ్ళు తెరిచి మూసే ముక్కలు) బిగించకముందే లైనంతా బాగా పారించాలి, చాలామంది ఆ పని చెయ్యరు. తల మెడలో చిన్న రంగు ప్లాస్టిక్ బిళ్ళ ఉంటే అది నీళ్ళ పొదుపు కోసం పెట్టిన ఫ్లో రిస్ట్రిక్టర్. పంపు లేని గ్రావిటీ లైనులో దాన్ని తీసెయ్యొచ్చు. అప్పటికీ చాలకపోతే నాలుగైదు అంగుళాల లో-ప్రెషర్ షవర్ బిగించండి. చూడ్డానికి ఎనిమిది అంగుళాలంత అందంగా ఉండకపోవచ్చు గానీ ఒంటి మీద నీళ్ళు పడతాయి.

తప్పు లైనుది అయితే ఈ వరసలో వెతకండి. ఫ్లాట్‌లోకి వచ్చే వాల్వ్, గీజర్ దగ్గరి చిన్న కుళాయిలు (యాంగిల్ కాక్‌లు) పూర్తిగా తెరిచి ఉన్నాయా? టెర్రస్ మీద పాత గేట్ వాల్వ్ ఉంటే దాని లోపలి పలక విరిగి కిందికి జారి ఉండొచ్చు. పైన చక్రం తిరుగుతూనే ఉంటుంది, నీళ్ళు మాత్రం సగమే దిగుతాయి. దాని బదులు, రంధ్రం పైపంత వెడల్పుండే ఫుల్ బోర్ బాల్ వాల్వ్ పెట్టించండి. నీళ్ళు గుడగుడమంటూ ఆగి ఆగి వస్తుంటే గాలి పట్టినట్టు. ట్యాంకు నుంచి దిగే పైపుకి వాల్వ్ దాటాక ఒక ఎయిర్ వెంట్ పైపు నిలువుగా లేచి ట్యాంకు నీటిమట్టం కంటే పైకి ఉండాలి, పై కొస తెరిచి ఉండాలి. చాలా మేడల మీద అది ఉండదు, ఉన్నా కారుతోందని ఎవరో డమ్మీ కొట్టేసి ఉంటారు.

తర్వాత పైపు సైజు. అరంగుళం సీపీవీసీ (వేడినీళ్ళకీ ఆగే ప్లాస్టిక్) పైపు లోపలి వ్యాసం దాదాపు 12 మిల్లీమీటర్లు, ముప్పావు అంగుళానిది 18. చూడ్డానికి కొంచెమే తేడా. కానీ అన్నే నీళ్ళు పారడానికి అరంగుళం పైపులో అయ్యే రాపిడి నష్టం ఆరింతలు ఉంటుంది. పై అంతస్తులో అసలు ప్రెషరే చెంచాడు, అందులో చివరి 15 అడుగులూ అరంగుళంలో లాగితే షవర్ దాకా ఏమీ మిగలదు. డైవర్టర్ దాకా ముప్పావు అంగుళంలో రావాలి, పాయింటు దగ్గరే అరంగుళానికి తగ్గాలి. మీ ప్లంబర్ ఏం వేశాడో గోడ లోపల చూడలేం గానీ, పైపులు దిగే షాఫ్ట్‌లోంచి బాత్‌రూమ్ గోడలోకి దూరేచోట పైపు మీద సైజు ముద్ర కనిపిస్తుంది.

అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు ఉంది. ఒకే పైపు ట్యాంకు నుంచి దిగి అయిదంతస్తుల బాత్‌రూమ్‌లకీ పోతుంది. పొద్దున్న కింద నాలుగిళ్ళలో కుళాయిలు తిప్పగానే నీళ్ళు వాటివైపే జారిపోతాయి, పైవాళ్ళకి ధార పడిపోతుంది. పొద్దున్న ఏడింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి బకెట్ పరీక్ష చెయ్యండి. తేడా పెద్దగా ఉంటే జబ్బు ఇదే. దీనికి మంచి మందు, అసోసియేషన్‌ని ఒప్పించి ట్యాంకు నుంచి పై అంతస్తుకి విడిగా అంగుళం లేదా అంగుళంపావు లైను దింపించుకోవడం. దూరం తక్కువ, షాఫ్ట్‌లోనే పని, గోడ తెరిచేది లేదు. పంపు కంటే ముందు ఇది చూడమంటాను, ఎందుకంటే కరెంటు పోయినా పనిచేస్తుంది.

ట్యాంకు ఎత్తు పెంచుదామని కొందరు ఇనుప స్టాండ్ వేయిస్తారు. మీటరు పెంచితే కలిసేది 0.1 బార్. దానికోసం వెయ్యి లీటర్ల ట్యాంకుని గాలికి నిలబెడతామా అన్నది ఆలోచించాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఊరు ఇది. స్టాండ్ వేస్తే శ్లాబ్ బీముల మీద పడేలా, ఏంకర్ బోల్టులతో బిగించి, ఇంజినీరుకి చూపించి వెయ్యాలి. ఉప్పుగాలికి ఆ ఇనుముకి ఏటా రంగు కూడా పడాలి.

రెయిన్ షవరే ఉండాలంటే పంపు తప్పదు. రెండు బాత్‌రూమ్‌లకి అర హెచ్‌పీ ప్రెషర్ పంపు సరిపోతుంది. మూడు విషయాలు చూడండి. వేడి లైనూ చల్ల లైనూ విడిపోకముందే పంపు కూర్చోవాలి. చల్ల లైనుకి మాత్రమే పెడితే చన్నీళ్ళు మిక్సర్‌లో వేడినీళ్ళని వెనక్కి తోసేస్తాయి. రెండోది, ఫ్లో స్విచ్ ఉన్న పంపు తనంతట తాను స్టార్ట్ కావాలంటే ముందు కొంచెం ధార సహజంగా పారాలి. మీలా ధార సన్నగా ఉన్నచోట అది ఒక్కోసారి స్టార్టే కాదు. ప్రెషర్ స్విచ్ ఉన్నది తీసుకోండి. మూడోది, పంపుకి పక్కన, నీళ్ళు వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్‌తో బైపాస్ (పక్కదారి పైపు) ఉండాలి, కరెంటు లేనప్పుడు ట్యాంకు నీళ్ళు దానిలోంచి వస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, చెమ్మ సంగతి తేలేదాకా పంపు పెట్టకండి. బొట్టుబొట్టుగా కారే జాయింటు పంపు ప్రెషర్‌కి ధారగా కారుతుంది.

డైవర్టర్ మార్చాలన్న ప్లంబర్ మాటకి జవాబు. గోడలో ఉండే ఇత్తడి బాడీ చెడిపోవడం అరుదు. చెడేది లోపలి కార్ట్రిడ్జ్. అది ముందువైపు నుంచే వస్తుంది. ఫ్లాట్ వాల్వ్ కట్టేసి, హ్యాండిల్ కింది చిన్న స్క్రూ విప్పి, టైల్ మీది బిళ్ళ తీసి, నట్టు విప్పితే బయటికొస్తుంది. టైల్‌తో పనిలేదు. కడిగి పెట్టి చూడండి, ఓ-రింగులు తెగి ఉంటే కార్ట్రిడ్జ్ మార్చండి. కంపెనీ సర్వీస్‌వాళ్ళని మోడల్ నంబరుతో పిలిస్తే అసలు స్పేర్ తెస్తారు. బాడీ టైల్ కంటే మరీ లోపలికి పోయి హ్యాండిల్ సరిగా కూర్చోకపోతే దానికి ఎక్స్‌టెన్షన్ కిట్ విడిగా అమ్ముతారు. బాడీ మీద వచ్చే ప్లాస్టిక్ మూత మీద టైల్ ఎక్కడిదాకా రావాలో గీతలుంటాయి, అవి చూడకుండా బిగించినచోటే ఈ ఇబ్బంది.

ఇంకో మాట. షవర్ కట్టేశాక కొద్ది నిమిషాలు చుక్కలు రాలడం లీకు కాదు. వెడల్పాటి తలలో నిలిచిన నీళ్ళు మెల్లగా దిగుతాయి. గంట తర్వాత కూడా చుక్క ఆగకపోతే అప్పుడు కార్ట్రిడ్జ్ అనుకోండి.

వేడి-చల్ల విషయానికి ఒకే ఒక్క పరీక్ష చెప్తాను. గీజర్ స్విచ్ ఆపేసి, చల్లారాక, గీజర్‌లోకి నీళ్ళు పోయే యాంగిల్ కాక్ కట్టేయండి. ఇప్పుడు వాష్‌బేసిన్ వేడి కుళాయి తిప్పండి. కాసిని నీళ్ళు వచ్చి ఆగిపోతే సరే. ఆగకుండా వస్తుంటే చన్నీళ్ళు ఎక్కడో మిక్సర్‌లోంచి వేడి లైనులోకి దూరుతున్నాయి. ఎక్కువసార్లు హ్యాండ్ షవర్‌ని చేతి దగ్గర మీట నొక్కి ఆపి, మిక్సర్‌ని తెరిచే వదిలేసిన ఇళ్ళలో ఇది కనిపిస్తుంది. మిక్సర్ దగ్గరే కట్టడం అలవాటు చేసుకోవాలి. అప్పటికీ దూరుతుంటే కార్ట్రిడ్జ్ చూడాలి.

దూరడం లేదు, వేడినీళ్ళే సన్నగా వస్తున్నాయంటే గీజర్ దారిలో అడ్డు ఉంది. సన్నరంధ్రం ఫ్లెక్సిబుల్ పైపులు, సగం తెరిచిన కాక్, లేదా గీజర్ ఇన్‌లెట్ దగ్గరి సేఫ్టీ వాల్వ్. ఆ వాల్వ్‌లో స్ప్రింగ్ ఉంటుంది, పై అంతస్తులో ఉండే కొంచెం ప్రెషర్‌లో కొంత అది తినేస్తుంది. అలాగని కొందరు ప్లంబర్లు చెప్పినట్టు దాన్ని పీకేయించకండి, దాని చిన్న రంధ్రానికి డమ్మీ కొట్టనివ్వకండి. గీజర్ లోపల ప్రెషర్ హద్దు మీరితే బయటపడే ముఖ్యమైన దారి అదే. షవర్ కింద నిలబడితే ఎప్పుడైనా ఒంటికి జిల్లుమంటే మాత్రం ప్లంబర్‌ని కాదు, మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఎర్తింగ్, లీకయ్యే కరెంటుని పసిగట్టి ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ రెండూ పనిచేస్తున్నాయని తేలేదాకా ఆ గీజర్ వాడొద్దు.

ఎడమవైపు వేడి, కుడివైపు చల్ల రావాలి. మీకు తిరగబడి ఉంటే బాడీకి పైపులు అటుదిటు ఇచ్చినట్టు. కొన్ని మోడళ్ళలో కార్ట్రిడ్జ్‌ని సగం చుట్టు తిప్పి పెడితే సర్దుకుంటుంది. వేడి లైనుకి ఏ పైపు వాడాడో కూడా గీజర్ వెనక చూడండి. సీపీవీసీ మీగడ రంగులో ఉంటుంది, యూపీవీసీ తెల్లగా ఉంటుంది. తెల్లది వేడినీళ్ళకి పనికిరాదు, మెత్తబడి జాయింట్ల దగ్గర వదులవుతుంది. అక్కడ తెల్ల పైపు కనిపిస్తే వేడి లైను మొత్తం మార్చాల్సిందే, అందులో బేరం లేదు.

ఇప్పుడు అసలైన చెమ్మ. ముందు ఎప్పుడు పెరుగుతోందో గమనించండి. ఊళ్ళో లేకుండా వారం పోయి వచ్చినా తడి అలాగే ఉంటే, ఎప్పుడూ ప్రెషర్ ఉండే సప్లయి లైను కారుతోంది. స్నానాలయ్యాక గంటా రెండు గంటల్లో పెరిగి మధ్యాహ్నానికి తగ్గితే షవర్‌కి వెళ్ళే నిలువు పైపో, టైల్స్ మధ్య సందులో కారణం. మీ గోడకంటే కింద ఫ్లాట్ సీలింగ్‌కి మరకలొస్తే నేల, ట్రాప్ (నేలలో నీళ్ళు పోయే రంధ్రం), డ్రెయిన్. వాన పడి సముద్రం వైపు గాలి కొట్టినప్పుడే పెరిగితే అది బాత్‌రూమ్ పాపం కాదు, బయటి గోడ పగుళ్ళది. విశాఖలో అక్టోబర్, నవంబర్ నెలల్లో ఈ రెండిటికీ తేడా తెలియక అమాయకంగా బాత్‌రూమ్‌లు పగలగొట్టించుకుంటారు. అందుకే ఈ పరీక్షలు వాన లేని రోజుల్లోనే చెయ్యండి. అనుమానంగా ఉంటే బెడ్‌రూమ్ గోడకి అడుగు చదరం పాలిథిన్ షీటు నాలుగువైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. షీటు లోపలివైపు చెమరిస్తే తడి గోడలోంచి వస్తోంది. బయటివైపే చెమరిస్తే అది గదిలో గాలి తేమ.

మీరు చెప్పిన గోడ షవర్ వెనకదే కాబట్టి నా మొదటి అనుమానం షవర్ ఆర్మ్ బిగిసే ఎల్బో (పైపు వంపు ముక్క) మీద. ఇది కాస్త వివరంగా చెప్పాలి. డైవర్టర్ నుంచి షవర్‌కి ఎక్కే పైపులో షవర్ వాడినప్పుడే నీళ్ళుంటాయి, పై కొస తెరిచి ఉంటుంది కాబట్టి ప్రెషర్ కూడా పెద్దగా ఉండదు. ఆ పైపు చివర గోడలో ఇత్తడి మరలున్న ఎల్బో ఉండాలి, దాని మూతి టైల్ మట్టానికి సమంగా గానీ రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి గానీ రావాలి. టైల్, సిమెంటు మందం లెక్కెయ్యకుండా పెడితే ఎల్బో అంగుళం లోపలికి పోతుంది. అప్పుడు ఆర్మ్ మర రెండు చుట్లే పట్టుకుంటుంది. దాని మీద బరువైన రెయిన్ షవర్ తల వేలాడుతుంది. తల వంకరగా ఉందని ఎవరో ఆర్మ్ పట్టుకుని ఒక్కసారి తిప్పి సరిచేస్తారు. ఇత్తడి బదులు ఉత్త ప్లాస్టిక్ మరలున్న ఫిట్టింగ్ అయితే అక్కడే వెంట్రుకంత చీలుతుంది. ఆ తర్వాత ప్రతి స్నానానికీ ఆ చీలికలోంచి నీళ్ళు బిళ్ళ వెనకగా ఇటుకలోకి దిగుతాయి. బాత్‌రూమ్ వైపు ఒక్క చుక్కా కనిపించదు.

దీన్ని ఇలా పట్టుకోవాలి. ఆర్మ్ విప్పండి. మరల మీద టెఫ్లాన్ ఎక్కడ అరిగిందో చూడండి. కొసన రెండు చుట్ల మేరే నలిగి మిగతాది కొత్తగా ఉంటే, పట్టుకున్నది ఆ మేరకే. టార్చ్ వేసి ఎల్బో ఎంత లోపల ఉందో పుల్లతో కొలవండి. తర్వాత డమ్మీకి టెఫ్లాన్ ఎనిమిది పది చుట్లు, మర బిగిసే దిశలో చుట్టి ఎల్బోలో బిగించండి. లోతుగా ఉంటే సరిపడే ఇత్తడి ఎక్స్‌టెన్షన్ ముక్కతో బిగించండి. ఇప్పుడు డైవర్టర్‌ని షవర్ వైపు తెరిచి వదిలేయండి. మామూలుగా ప్రెషర్ లేని ఆ నిలువు పైపుకి ట్యాంకు ప్రెషర్ మొత్తం పడుతుంది. స్పౌట్‌తో, బకెట్‌తో స్నానాలు చేసుకుంటూ రెండు మూడు రోజులు చూడండి. నిలువు పైపు మధ్యలో జాయింటు కారుతుంటే చెమ్మ జోరుగా పెరుగుతుంది. పెరగకుండా ఆరడం మొదలుపెడితే తప్పు చాలావరకు ఆ ఆర్మ్ మరదే, ఎక్స్‌టెన్షన్‌తో సరిగా బిగిస్తే సరిపోతుంది. ఆర్మ్ మర కనీసం అయిదు చుట్లు పట్టాలి.

చెమ్మ జోరుగా పెరగకుండా, ఆరకుండా అలాగే ఉంటే సప్లయి లైనుకి ప్రెషర్ టెస్ట్. చేత్తో కొట్టే టెస్ట్ పంపు, గేజ్ ప్లంబర్ల దగ్గర ఉంటాయి, అద్దెకీ దొరుకుతాయి. ఫ్లాట్‌లోకి వచ్చే పైపుని వాల్వ్ దగ్గర విప్పి డమ్మీ కొట్టాలి, పాత వాల్వ్‌ని నమ్మొద్దు, అదే కారితే గేజ్ అబద్ధం చెబుతుంది. గీజర్ తీసేసి దాని రెండు పాయింట్లని ఒక ఫ్లెక్సిబుల్‌తో కలిపేయాలి. కుళాయిల్లోంచి గాలి మొత్తం వదిలి అప్పుడు పంపు కొట్టాలి. మిక్సర్లు బిగించి ఉన్న లైను కాబట్టి 5 కేజీలు దాటొద్దు. కొత్తగా వేసి, టైల్స్ పడని లైనైతే 10 కేజీల దాకా వెళ్ళొచ్చు. గంటసేపు ముల్లు కదలకపోతే సప్లయి లైను మంచిది. దిగితే వేడి, చల్ల విడదీసి మళ్ళీ కొట్టి ఏదో తేల్చుకోవాలి.

లైను మంచిదైతే మిగిలేవి టైల్స్ సందులు, నేల. ట్రాప్‌ని తడిగుడ్డతో గట్టిగా మూసి అంగుళం ఎత్తు నీళ్ళు 48 గంటలు నిలబెట్టండి. కింద ఫ్లాట్‌వాళ్ళకి ముందే చెప్పి వాళ్ళ సీలింగ్ ఫొటో తీసుకోండి. నీళ్ళలో కాస్త తినే రంగు కలిపితే మరక ఎక్కడిదో తేలుతుంది. నేల బాగుంటే హ్యాండ్ షవర్‌తో గోడ టైల్స్ మీద మాత్రమే పదిహేను నిమిషాలు కొట్టి చూడండి. సందులే తప్పయితే వాటిలో నింపిన పాత గ్రౌట్ మూడు మిల్లీమీటర్ల లోతు గీకి ఎపాక్సీ గ్రౌట్ నింపితే చాలు. ఆర్మ్ బిళ్ళ, డైవర్టర్ బిళ్ళ చుట్టూ శానిటరీ సిలికాన్ పైన, పక్కల మాత్రమే వేయించండి. కింద కొంచెం తెరిచి ఉంచితే లోపల కారినప్పుడు నీళ్ళు బయటికి కనిపిస్తాయి.

ఎల్బోనో జాయింటో మార్చాల్సి వస్తే బెడ్‌రూమ్ వైపు నుంచి తెరవమనండి. అటు ప్లాస్టరింగే, నాలుగున్నర అంగుళాల గోడ అయితే అడుగు చదరంలో పని అయిపోతుంది, రంగుతో కలిసిపోతుంది. టైల్ వైపు నుంచి తెరిస్తే వాటర్‌ప్రూఫ్ పూత కూడా పోతుంది. కొత్త జాయింటుకి పైపు నిటారుగా కోసి, పొట్టు తీసి, సీపీవీసీకి వచ్చే సొల్యూషన్ పైపుకీ ఫిట్టింగ్‌కీ రెండిటికీ రాసి, పావు చుట్టు తిప్పుతూ లోపలికంటా తోసి, అర నిమిషం పట్టుకోవాలి. లేకపోతే వెనక్కి జరుగుతుంది. డబ్బాలో జిగురులా చిక్కబడిన సొల్యూషన్ పనికిరాదు, యూపీవీసీ సొల్యూషన్ వేడి లైనులో నిలవదు. ప్రెషర్ టెస్టుకి 24 గంటలు ఆగండి. టెస్ట్ అయ్యేదాకా గోడ మూయొద్దు.

గుమ్మం దగ్గర నీళ్ళ సంగతి చిన్నదే, కానీ మందు తక్కువ. నేల వాలు అడుగుకి కనీసం ఎనిమిదో వంతు అంగుళం, షవర్ కింద పావు అంగుళం ట్రాప్ వైపు ఉండాలి. వాలు తప్పితే టైల్ మీద నుంచి ఏ పూతా దాన్ని సరిచెయ్యదు. షవర్ భాగంలో మాత్రం టైల్స్ తీసి, వాటర్‌ప్రూఫ్ రెండు పూతలు వేసి, గోడల మీదకి అడుగు ఎక్కించి, మళ్ళీ నీళ్ళు నిలబెట్టి చూశాక టైల్స్ వెయ్యాలి. అంత పని వద్దనుకుంటే షవర్ భాగానికి రెండంగుళాల గ్రానైట్ పట్టీ అడ్డంగా అతికించండి. దానికి మాత్రం ట్రాప్ పట్టీకి షవర్ వైపే ఉండాలి.

ప్లంబర్ల గురించి. చిన్న రిపేరుకి వస్తానని రాకపోవడానికి పెద్ద రహస్యం లేదు. రుషికొండ దగ్గరో కొమ్మాదిలోనో కొత్త సైటు ఉంటే అక్కడ వారం కూలి ఖాయం, మీ ఇంట్లో పని గంటన్నర. కాబట్టి చిన్న పనులన్నీ ఒక రోజుకి కూడగట్టి, రోజు కూలి ముందే మాట్లాడి పిలవండి. చూసి తప్పేంటో చెప్పడానికి విడిగా డబ్బివ్వండి, పని అతనికే ఇస్తారని మాటివ్వకండి. పగలగొడితేనే డబ్బొచ్చే మనిషి పగలగొట్టాలనే చెప్తాడు, అతన్ని తప్పుపట్టీ లాభం లేదు. వచ్చినవాడు మంచివాడో కాదో మూడు ప్రశ్నల్లో తెలుస్తుంది. టెస్ట్ పంపు ఉందా, ఎన్ని కేజీలకి ఎంతసేపు ఉంచుతారు, వేడి లైనుకి ఏ సొల్యూషన్ వాడతారు. తడుముకోకుండా చెప్పినవాడికి పని ఇవ్వండి.

సామాను మీరే జీఎస్‌టీ బిల్లుతో కొనండి. అడ్వాన్స్ కూలిలో పదో వంతు దాటొద్దు. పైపులు పడి ప్రెషర్ టెస్ట్ నిలిచాక, గేజ్ ఫొటో టైముతో సహా తీసుకుని, 40 శాతం. ఫిట్టింగులు బిగించాక ఇంకో 35. మిగిలిన 15 శాతం నెల రోజులు వాడి చూశాక ఇస్తామని వాట్సాప్‌లో రాసి, ఒప్పుకున్నట్టు జవాబు తెప్పించుకోండి. వాటర్‌ప్రూఫింగ్ ఎవరి బాధ్యతో కూడా అందులోనే రాయించండి. ప్లంబర్ టైల్స్ మేస్త్రి అంటాడు, మేస్త్రి ప్లంబర్ అంటాడు, ఆ సందులోనే నీళ్ళు కారేది. గోడ మూసేముందు పైపుల పక్కన టేపు పెట్టి ఫొటోలు తీయండి.

మీ పాత ప్లంబర్‌కి తప్పుల వివరం, ఫొటోలు పెట్టి పదిహేను రోజుల గడువుతో రాతపూర్వకంగా పంపండి. జవాబు రాకపోతే 1915 నంబరుకి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి రెండేళ్ళలోపు వెళ్ళొచ్చు, చెల్లించిన మొత్తం అయిదు లక్షలలోపైతే ఫీజు లేదు. మీకు ఏడాది అయిపోయింది, కాలయాపన చెయ్యకండి. యూపీఐ చెల్లింపులు, చాట్‌లు, కొత్త ప్లంబర్ రాసిచ్చిన కాగితం దాచుకోండి. ఇదే ఇబ్బంది బిల్డర్ కట్టించి ఇచ్చిన బాత్‌రూమ్‌లో ఉన్నవాళ్ళకి దారి వేరు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) పరిధిలోకి వచ్చే ప్రాజెక్టయితే, తాళాలిచ్చిన రోజు నుంచి అయిదేళ్ళలోపు బయటపడిన పనితనం లోపాన్ని చెప్పిన 30 రోజుల్లో ఉచితంగా సరిచెయ్యాలని ఆ చట్టం సెక్షన్ 14(3) చెబుతోంది. వాళ్ళు సొంతంగా గోడ తెరిచేముందు బిల్డర్‌కి నోటీసు ఇవ్వాలి, లేకపోతే తప్పు తమది కాదని తప్పించుకుంటాడు.

పని అయ్యాక షవర్ రంధ్రాలు బోరు నీళ్ళ సున్నంతో మూసుకుంటే, సమానంగా నీళ్ళు కలిపిన వెనిగర్‌లో అరగంట ముంచి, రబ్బరు మొనలు వేలితో రుద్దండి. బాత్‌రూమ్ యాసిడ్ తగలనివ్వకండి, క్రోమ్ పూతనీ గ్రౌట్‌నీ తినేస్తుంది. మిగిలిన టైల్స్ ఉంటే పారెయ్యకుండా లాఫ్ట్‌లో ఉంచండి, అదే బ్యాచ్ రంగు మళ్ళీ షాపులో దొరకడం కష్టం.